బాపట్లలో లేని పాప

శనివారం పొద్దున ఆ ఇంట్లో మిక్సీ తిరగదు. పెసరట్టు పిండిని ముందురోజు పాప స్కూల్లో ఉన్నప్పుడే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది రేణు. ఏడేళ్ళ హంసికకు మిక్సీ చప్పుడు పడదు. చెవులు గట్టిగా మూసుకుని గోడకేసి తల కొట్టుకుంటుంది. అందుకని కుక్కర్ విజిల్ రాకముందే స్టవ్ కట్టేస్తారు, గంట కొట్టకుండానే పూజ చేస్తారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్‌లోని ఆ అపార్ట్‌మెంట్లలో సగానికి సగం తెలుగువాళ్ళే. ఆ వేళకి ప్రతి ఇంట్లోనూ ఇండియాతో వీడియో కాల్స్, పోపుల చిటపటలు, పిల్లల అల్లరి. పై అంతస్తు చివర ఈ ఒక్క ఫ్లాట్ మాత్రం పరీక్ష హాలులా ఉంటుంది.

చప్పుడు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఇంట్లో పాప ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. దివాకర్ ఏరికోరి చివరి ఫ్లాట్ తీసుకున్నది అందుకే.

హంసికకు ఆటిజం అని డాక్టరు చెప్పి నాలుగేళ్ళు దాటింది. ఆ మాటను దివాకర్ డాక్టర్ల దగ్గరా, స్కూల్లోనూ ఇంగ్లీషులో ఎన్నిసార్లయినా అంటాడు. తెలుగు మాట్లాడే మనిషి ఎదురైతే మాత్రం గొంతు దాటి రాదు. అతన్ని పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. అంతకుముందు కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఉన్నప్పుడు ఒక స్నేహితుడి ఇంట్లో పుట్టినరోజు జరిగింది. గది నిండా జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టి పాట అందుకునేసరికి హంసిక బెదిరిపోయింది. కేకు తోసేసి, నేలమీద పడి గుక్కపట్టి ఏడ్చింది. ఎవరో మహానుభావుడు దాన్ని వీడియో తీశాడు. అది నవ్వుతున్న బొమ్మలతో సహా గ్రూపుల్లో ఊరేగింది. చివరికి ఆఫీసు క్యాంటీన్లో, ఆ పిల్ల ఎవరో తెలియని ఒక కొలీగ్, "ఇది చూశావా బాస్" అంటూ దివాకర్‌కే చూపించాడు.

ఆ తర్వాత అతను ఆ ఊళ్ళో ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. టెక్సాస్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. దిగిన వారానికే ఎవరో "పిల్లలా అండీ?" అని అడిగితే, "ఒక పాప. బాపట్లలో అమ్మమ్మ దగ్గరుంది" అనేశాడు. ఇక్కడ అదేమీ వింత కాదు. ఉద్యోగాల హడావుడిలో చంటిపిల్లల్ని ఇండియాలో అమ్మమ్మల దగ్గర వదిలే ఇళ్ళు బోలెడు. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

అప్పుడు రేణు ఊరుకుంది. నాలుగు రోజులు ఎవరి మాటా పడకుండా ఉంటే చాలనుకుంది. అయితే అబద్ధం ఆడటం తేలికే గానీ దాన్ని సాకడం కష్టం. స్కూల్ బస్సు వద్దని తనే పాపను వెనక మెట్ల మీదుగా కారెక్కించి తీసుకెళ్ళేది. పార్కుకు వెళ్ళాలంటే ఇంకో ఊరి పార్కు. పండక్కి ఎవరింటికైనా భార్యాభర్తల్లో ఒక్కరే వెళ్ళేవారు. మొన్న వేసవిలో ఇండియా నుంచి వచ్చిన దివాకర్ తల్లి సుబ్బులుకు కూడా ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలోనే కొడుకు పాఠం చెప్పాడు. "అడిగితే పాప వాళ్ళమ్మమ్మ దగ్గరుందని చెప్పమ్మా. ఎక్కువ మాట్లాడకు."

ఎక్కువ మాట్లాడకపోతే ఆవిడ సుబ్బులు ఎందుకవుతుంది?

ఆ శనివారం దివాకర్ గదిలో తలుపేసుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. రేణు హంసికకు పెసరట్టు చిన్న ముక్కలు చేసి పెట్టి, స్నానానికి వెళ్ళింది. సుబ్బులు చెత్త సంచి పట్టుకుని తలుపు తీసింది. పాప అందకుండా తలుపుకు పైన ఒక గొళ్ళెం బిగించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతులు కడుక్కునే తొందరలో ఆ గొళ్ళెం మాట మరిచిపోయింది.

తల తుడుచుకుంటూ బయటికి వచ్చిన రేణుకి పళ్ళెంలో ముక్కలు కనిపించాయి, పాప కనిపించలేదు.

"అత్తయ్యా, హంసి మీ దగ్గరుందా?"

"నా దగ్గరేదమ్మా? నీ వెనకాలే వచ్చిందనుకున్నా."

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. అది జానెడు తెరుచుకుని ఉంది.

రేణు దివాకర్ ఉన్న గది తలుపు తోసింది. "హంసి లేదు. బయటికి వెళ్ళిపోయింది."

దివాకర్ హెడ్‌సెట్ తీసి విసిరేశాడు. మంచం కింద, అల్మరాలో, బాల్కనీలో వెతికారు. పిలిచి లాభం లేదు. పేరు పెట్టి పిలిస్తే హంసిక పలకదు.

"మన తెలుగువాళ్ళ గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి. రెండొందల మంది ఉన్నారు. తలా ఒక పక్క చూస్తారు" అంది రేణు చెప్పులేసుకుంటూ.

"ఆగు, తొందరపడకు. ముందు మనం చూద్దాం. ఎంత దూరం పోతుంది?"

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత ఉండనే ఉంది. ఇక్కడ పిల్ల నిజంగానే పోయింది, వెతకడానికి ఊరంతా ఉంది, ఊరికి చెప్పడానికే తండ్రికి నోరు రావడం లేదు.

మెట్లు దిగుతుంటే కింది ఫ్లాట్ విద్య ఎదురైంది. కారులోంచి కూరగాయల సంచులు దింపుకుంటోంది. వరంగల్ పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు.

"ఏమైంది రేణక్కా? గట్ల ఉరుకుతున్నరు ఇద్దరు? ఏమన్న పోయిందా?"

రేణు నోరు తెరిచేలోపే దివాకర్ అందుకున్నాడు. "కార్ కీస్ అండీ. ఎక్కడో పడిపోయాయి."

"అయ్యో! నేను గూడ దేవులాడాల్నా?"

"వద్దొద్దు. దొరుకుతాయి."

రేణు భర్త ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. మాట్లాడటానికి అది సమయం కాదు. ఇంకోవైపు పరుగెత్తింది.

దివాకర్ అపార్ట్‌మెంట్ల ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడున్న అమెరికన్ ఆవిడ వెంటనే లేచి, పాప ఫోటో చూపించమంది. అతను ఫోన్ తెరిచి వేలితో పైకి తోస్తూ పోయాడు. ఆఫీసు పార్టీ, గ్రాండ్ కాన్యన్, బతుకమ్మ, ఎవరిదో గృహప్రవేశం. ఏ ఫోటోలోనూ కూతురు లేదు. చివరికి దొరికింది మూడేళ్ళప్పటిది. బూరె బుగ్గలు, ఒళ్ళో కూర్చుని ఉంది. ఆవిడ ఆ ఫోటో చూసి, "ఇప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగింది.  ఇవాళ పాప ఏ రంగు గౌను వేసుకుందో కూడా అతనికి గుర్తు రాలేదు.

రేణు కాళ్ళు ఆమెను స్విమ్మింగ్ పూల్ వైపు తీసుకెళ్ళాయి. హంసికకు నీళ్ళంటే ప్రాణం. టబ్బులో నీళ్ళ మీద వెలుగు కదులుతుంటే గంటలు గంటలు చూస్తుంది. పూల్ చుట్టూ ఇనుప కంచె ఉంది. గేటు కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోదు. రేణు కంచె సందుల్లోంచి చూసింది. లోతు ఎక్కువ ఉన్నవైపు, గట్టు అంచున, కాలివేళ్ళు నీళ్ళ మీదికి చాచి నిలబడి ఉంది పాప. లోపల ఇంకెవరూ లేరు.

అరవాలనిపించింది. అరవలేదు. అరిస్తే హంసిక ఎటు దూకుతుందో ఆమెకు తెలుసు. పరుగెత్తితే ఆట అనుకుని ముందుకే పోతుంది. కార్డు చూపించి గేటు తీసి, మామూలుగా షికారుకు వచ్చినట్టు నడిచి, పాప కంటికి కనపడేలా పక్కనుంచి చేరి, రెండు చేతులతో ఎత్తి గట్టిగా అదుముకుని గట్టుకు దూరంగా నడిచింది. హంసిక ఏదో రాగం సన్నగా తీస్తూనే ఉంది. తల్లి భుజం మీదుగా నీళ్ళ వైపే చూస్తోంది. 

దివాకర్‌కి ఫోన్ చేసి, పాపను ఇంటికి తెచ్చి, కాళ్ళు తుడిచి, గదిలో పాపకు నెమ్మదినిచ్చే బరువు దుప్పటి కప్పి పడుకోబెట్టింది. హాల్లోకి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. సుబ్బులు ఓ మూల కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"కారు తాళాలా?" అంది రేణు.

దివాకర్ తలెత్తలేదు. "టెన్షన్‌లో నోటికొచ్చింది అనేశాను."

"టెన్షన్‌లో ఎవరికైనా నిజమే నోటికొస్తుంది. నీకు అబద్ధం వచ్చింది. అంత బాగా అలవాటైపోయింది." అత్తగారి ముందు ఎప్పుడూ మొగుణ్ణి 'మీరు' అనే రేణు ఇవాళ 'నువ్వు'లోకి దిగింది. ఆ సంగతి గమనించే స్థితిలో ఎవరూ లేరు.

"దొరికింది కదా రేణూ. ఇంకో లాక్ వేయిస్తాను. కెమెరా పెడతాను. తలుపు తీస్తే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా సెట్ చేస్తాను."

"లాక్ వేయించు, కెమెరా కూడా పెట్టు. నేను కాదనను. కానీ అవన్నీ ఉన్నా ఒక రోజు ఎవరో ఒకరు మరిచిపోతారు. ఇవాళ అత్తయ్య, రేపు నేను. అప్పుడు దాన్ని చూసిన మనిషి ఇది ఫలానా వాళ్ళ పాప అని పోల్చుకోవాలా వద్దా?"

"నా మీదే తప్పంతా తోసెయ్యకమ్మా..." సుబ్బులు ఏదో అనబోయింది.

"తప్పు మీది కాదత్తయ్యా. చెత్త పడేసి వచ్చే తొందరలో నేనైనా మరిచిపోతాను."

దివాకర్ లేచి నిలబడ్డాడు. "అయితే ఏం చేయమంటావు? మైకు పట్టుకుని ఊరంతా చాటింపు వేయనా? శాన్ రామన్‌లో చూడలేదా నువ్వు? నా కూతురు నేలమీద పడి ఏడుస్తుంటే నవ్వుకున్నారు. దాన్ని జోక్‌లా ఫార్వర్డ్ చేసుకున్నారు. నేనిదంతా నా పరువు కోసం చేస్తున్నాననుకుంటున్నావా? దాన్ని చూసి ఇంకెవడూ నవ్వకూడదని."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ క్యాంటీన్ రోజు అతను ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడవడం రేణు విన్నది. ఇప్పుడు కూడా ఆమెకు అతని మీద జాలి వేసింది. జాలి వేసింది గానీ మెత్తబడలేదు.

"నవ్వితే చచ్చిపోదు దివాకర్. నీళ్ళలో పడితే చచ్చిపోతుంది."

రేణు లేచి వెళ్ళి తలుపుకు పై గొళ్ళెం పెట్టి వచ్చింది.

"సాయంత్రం దాన్ని చెయ్యి పట్టుకుని ముందు మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్తాను" అంది రేణు. "వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళందరికీ చూపిస్తాను. ఇది నా కూతురు, దీనికి ఆటిజం ఉంది, పిలిస్తే పలకదు, ఒంటరిగా కనిపిస్తే ఆపండి అని చెబుతాను."

"నన్ను అడక్కుండానే?"

"అడగడం లేదు. చెబుతున్నాను."

"వెళ్ళు. నేను రాను. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో."

మూలనున్న సుబ్బులు ముక్కు చీది, "నేనొస్తానమ్మాయ్" అంది.

"నువ్వెందుకమ్మా మధ్యలో?" అని విసుక్కున్నాడు దివాకర్.

"ఎందుకేమిట్రా? నువ్వు ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నావు. ఆ ముక్కకి కాళ్ళూ చేతులూ మొలిపించింది నేను. పాప ఏం చదువుతోందండీ అని అడిగితే కాన్వెంటు అన్నాను. పాడుతుందా అంటే సంగీతంలో చేర్పించామన్నాను. మొన్న వినాయక చవితికి బొమ్మ వేసి ఫస్టు ప్రైజు తెచ్చుకుందని కూడా చెప్పాను." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకూ బాగుండేదిరా. ఉన్న పిల్లని గదిలో కూర్చోబెట్టి, లేని పిల్లని చూసుకుని మురిసిపోయాను. ఇవాళ ఉన్న పిల్లే పోయుండేది."

దివాకర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఎండ తగ్గాక ఆ ఆవరణలో ఒక తమాషా చూడొచ్చు. కొడుకుల దగ్గరికీ, కూతుళ్ళ దగ్గరికీ వచ్చిన పెద్దవాళ్ళు నేత చీరల కింద తెల్ల స్నీకర్లు వేసుకుని, పంచెల మీద బేస్‌బాల్ టోపీలు పెట్టుకుని, కార్ల మధ్యనుంచి గుంపుగా నడుస్తారు. రెండు చుట్లు నడిచి, పోస్టుబాక్సుల దగ్గర బెంచీల మీద కూలబడి, నడిచినదానికి నాలుగింతలు మాట్లాడతారు. రేణు వెళ్ళేసరికి మాటల ఘట్టం నడుస్తోంది.

చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళ ముందు వేళ్ళు ఆడించుకుంటూ వచ్చిన పిల్లను చూసి అందరూ ఆగిపోయారు.

"ఇది హంసిక. మా మనవరాలు" అంది సుబ్బులు.

"అబ్బో! ఎప్పుడొచ్చింది బాపట్ల నుంచి? చెప్పనే లేదు!"

"ఎక్కణ్ణుంచీ రాలేదు. మేడమీదే ఉంది, మొదట్నించీ."

"మరి ప్రైజు తెచ్చుకున్న పాప?"

సుబ్బులు కళ్ళు నేలకు దించింది. "ఆ పాప లేదమ్మా. ఉన్నది ఇదొక్కతే."

 ఎవరో నోరు తెరిచేలోపే రేణు మొదలుపెట్టింది. పొద్దున జరిగింది దాచకుండా చెప్పింది. ఆటిజం అంటే ఏమిటో తనకు చేతనైన మాటల్లో చెప్పింది. "దానికి చెవుడు లేదండీ, బుద్ధి లేకా కాదు. మనకి మామూలు చప్పుడు దానికి చెవి దగ్గర టపాకాయ. మనం నోటితో చెప్పేది అది ట్యాబ్‌లో బొమ్మ నొక్కి చెబుతుంది, లేదంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపిస్తుంది."

జనమన్నాక సలహాలు ఊరుకుంటాయా? పెద్ద ముక్కుపుడక పెట్టుకున్న ఒకావిడ ముందుకు వంగింది. "పురిట్లో వస పోశారా అమ్మా? వస సరిగ్గా పోస్తే మాటలు గలగలా వస్తాయి. మావాడికి అట్లాగే వచ్చాయి."

"పోశామండీ. దానికీ దీనికీ సంబంధం లేదు."

"సెల్‌ఫోన్లు చూపించి ఉంటారు. ఈ కాలం తల్లులకి ఓపికెక్కడిది?" అన్నారొకరు.

"ఫోన్ వల్ల వచ్చేది కాదండీ. నా ఓపిక సంగతి వారం రోజులు మా ఇంట్లో ఉండి చూడండి, మీకే తెలుస్తుంది."

"ఇంతకీ ఎవరి వైపు నుంచి వచ్చిందో..."

"ఎవరి వైపు నుంచైనా కానివ్వండి, మా పిల్లే" అంది రేణు. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నేను మందు అడగడానికి రాలేదు పెద్దమ్మా. ఇది తగ్గడానికి జబ్బు కాదు. పెరగాల్సిన పిల్ల. మీరందరూ దాన్ని గుర్తుపడితే చాలు, అది అడగడానికొచ్చాను."

అప్పుడే అటు వచ్చిన విద్య ఆ మాటలు విని నిలబడిపోయింది. "అంటే పొద్దుగాల మీరు దేవులాడింది ఈ పాపనా అక్కా? అన్న కార్ కీస్ అన్నడు గదా!"

రేణు అవునన్నట్టు తలూపింది.

"అట్లెట్ల చెప్పిండక్కా? నేను సంచులు ఆడనే పడేసి ఉరికొచ్చేదాన్ని గదా!" విద్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో బాధో ఆమెకే తెలియలేదు.

ఆ గుంపులో ఒక్కరు మాత్రం అంతసేపూ నోరు మెదపలేదు. ఆయన ఆంజనేయప్రసాద్, తణుకులో కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. మామూలుగా ఆయన మాట్లాడితే ఇంకొకరికి సందు దొరకదు. ఇప్పుడు హంసిక వంక చూస్తూ బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"అమ్మా, మీవారు ఇంట్లో ఉన్నారా? ఒకసారి ఆయన్ని చూడాలి."

"ఏమైందండీ?"

"అక్కడే చెబుతాను."

ఆయన నడిస్తే మిగతావాళ్ళు ఆగుతారా? అందరూ మెట్లెక్కారు. తలుపు తీసిన దివాకర్ గుమ్మం ముందు అంతమందిని చూసి బిగుసుకుపోయాడు. ఆంజనేయప్రసాద్ రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, పొద్దున పూల్ గేటు తీసింది నేను."

దివాకర్‌కి అర్థం కాలేదు.

"మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నీళ్ళల్లో నడవమన్నాడు. నడిచి బయటికొస్తుంటే ఈ పాప అవతల నిలబడి గేటు ఊపుతోంది. మన తెలుగు పిల్లలందర్నీ నేనెరుగుదును. ఈ పాపని ఎప్పుడూ చూడలేదు. ఎవరో కొత్తవాళ్ళ పిల్ల, అమ్మానాన్నా వెనకాల వస్తున్నారు కాబోలనుకున్నాను. గేటు తీసి పట్టుకున్నాను. లోపలికెళ్ళింది. థాంక్యూ చెప్పాలమ్మా అని నీతులు కూడా చెప్పాను." ఆయన హంసిక వైపు తిరిగాడు. "తర్వాత ఇంటికెళ్ళి తీరిగ్గా కాఫీ తాగాను బాబూ. అక్కడేమన్నా అయ్యుంటే, ఈ చేత్తో నేనే... మీ పాప అని తెలిస్తే వదిలేవాడినా? వేలు పట్టుకుని మీ ఇంటికి తెచ్చేవాణ్ణి కాదూ? నన్ను క్షమించు."

తన తండ్రి వయసు మనిషి. చేతులు దించడం లేదు. ఆ చేతులు చూస్తుంటే దివాకర్‌కి ఇన్నాళ్ళూ తను కట్టుకున్న గోడంతా ఒక్కసారి కూలినట్టయింది. కూతుర్ని చూసి ఎవరూ నవ్వకూడదనుకున్నాడు. దాన్ని అసలెవరూ చూడకుండా చేశాడు. గేటు దగ్గర నిలబడ్డ పిల్లని పోల్చుకోగల మనుషులు ఇంతమంది ఉండగా, ఆ పిల్ల బాపట్లలో ఉందని వీళ్ళకు చెప్పింది తనే.

ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. "మీరు క్షమాపణ చెప్పకండి. దయచేసి చెప్పకండి. మీ తప్పేం లేదు. నేనే..."  ఆ పెద్దాయన భుజం మీద తలపెట్టి, అందరి ముందూ, పసివాడిలా ఏడ్చాడు. ఆంజనేయప్రసాద్ వీపు నిమురుతూ ఉండిపోయాడు. రేణు దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఏడుపు ఎప్పుడో రావలసింది, ఇవాళ వచ్చింది, పూర్తి కానిమ్మనుకుంది.

కాసేపటికి ముక్కుపుడకావిడే కదిలింది. "సరే బాబూ, అయిందేదో అయింది. పొద్దునా సాయంత్రం ఈ చుట్టుపక్కల తిరిగేది మేమే. మాకింకేం పనుంది? పాప ఒంటరిగా కనిపిస్తే ఏం చేయాలో చెప్పు."

దివాకర్ అలవాటుగా భార్య వంక చూశాడు.  రేణు పాప చెయ్యి పట్టుకుని నిలబడి, నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

అతను గొంతు సవరించుకున్నాడు. "మా పాపకి ఆటిజం అండీ." చెప్పేశాక ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ నవ్వలేదు. "పేరు పెట్టి పిలిస్తే రాదు. వినపడుతుంది గానీ, రాదు. వెనకనుంచి పట్టుకోవద్దు, భయపడుతుంది. పరుగెత్తుకుంటూ రావద్దు. మెల్లగా ఎదురుగా వచ్చి, నీళ్ళకో రోడ్డుకో అడ్డంగా నిలబడండి చాలు. గట్టిగా మాట్లాడొద్దు. నాకు ఫోన్ చేయండి, వెంటనే వస్తాను. ఆఫీసులో ఉన్నా వస్తాను."

"అందాకా ఏడిస్తే?" అని అడిగింది విద్య.

ఇది అతనికి తెలియదు. "రేణూ, ఏం చేయాలి?" అని అందరి ముందే అడిగాడు.

"అప్పడం ఇస్తే నిలబడుతుంది" అంది రేణు. "కరకరలాడేది."

"ఓస్, అప్పడమేనా! ఇంటికో రెండు వేయించి డబ్బాలో ఉంచుతాంలే" అంది ముక్కుపుడకావిడ. "వస సంగతి నేనింక ఎత్తనులే అమ్మాయ్, నువ్వట్లా చూడకు."

నవ్వులు వినిపించాయి. ఈ నవ్వు వేరని దివాకర్‌కి కూడా తెలిసింది.

"నీ నంబరు చెప్పు బాబూ. మిస్డ్ కాల్ ఇస్తాను, సేవ్ చేసుకో" అంటూ ఆంజనేయప్రసాద్ కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. దివాకర్ నంబరు చెప్పాడు. అందరూ ఫోన్లు తీశారు. మోత వస్తే పాప బెదురుతుందని అతను గబగబా రింగు తీసేశాడు. అరచేతిలో ఫోన్ జుయ్యిమని వణికింది.

హంసిక తల తిప్పి చూసింది. తల్లి చెయ్యి వదిలి వచ్చి, తండ్రి ముఖం వంక చూడకుండానే అతని మణికట్టు పట్టుకుని లాగి, చేతిలో వణుకుతున్న ఫోన్‌ని తన చెంపకు ఆనించుకుంది. వణుకు ఆగింది. ఇంకో కాల్ వచ్చింది. చెంప మీద చక్కిలిగిలి పెట్టినట్టయి, హంసిక కిలకిలా నవ్వింది. ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

"ఇదిగో, ఇప్పుడు నాది" అందొకావిడ.

"ఆగండి మరి, లైను బిజీ అంటోంది. నేనింకా కొట్టనేలేదు" అని ఇంకొకాయన ఆదుర్దాపడ్డాడు.

ఒకసారి చేసినవాళ్ళే మళ్ళీ చేశారు. చేసిన ప్రతిసారీ హంసిక నవ్వింది. సుబ్బులు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఎవరిది ఏ నంబరో కొడుక్కి చెప్పబోయి, ఇప్పుడు కాదులెమ్మని ఊరుకుంది. దివాకర్ తన కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చెయ్యి కదపాలి. కూతురు పట్టుకున్న ఆ చేతిని కదలనివ్వకుండా, ఫోన్‌ని ఆమె చెంపకు ఆనించి అలాగే నిలబడ్డాడు.